తలకు దెబ్బ తగిలిన పిల్లల్ని మళ్లీ గ్రౌండ్‌లోకి ఎలా దించాలి

కబడ్డీలో కూతకెళ్లిన పిల్లాడి తల అవతలివాడి మోకాలికి తగులుతుంది. వాడు పడతాడు, లేస్తాడు, మట్టి దులుపుకుంటాడు. చుట్టూ ఉన్నవాళ్లు ముఖాన నీళ్లు చల్లి "ఏం కాలేదులే, దిమ్మ తిరిగిందంతే" అంటారు. వాడు కూడా "బాగానే ఉండా సార్" అంటాడు. దిమ్మ తిరిగిన మాట నిజమే. డాక్టర్లు కంకషన్ అనేది దాన్నే. ఆ "అంతే" దగ్గరే మనం బోల్తా పడుతున్నాం.

నేను నెల్లూరు జిల్లాలో బడిపిల్లలకు కబడ్డీ, వాలీబాల్ నేర్పిస్తాను. ఈ తప్పు నేనూ చేశాను. ఒక మండల స్థాయి మ్యాచ్‌లో మా రైడర్‌ను అవతలి జట్టు పట్టేసినప్పుడు తల నేలకు కొట్టుకుంది. రెండు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ పంపాను. తర్వాత పది నిమిషాల్లో వాడు నన్ను మూడుసార్లు అడిగాడు, "సార్, స్కోరెంత?" అని. టెన్షన్‌లో ఉన్నాడనుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో వాంతి చేసుకున్నాడు. ఎండ దెబ్బనుకున్నాను. రాత్రి వాళ్లమ్మ ఫోన్ చేసి "అబ్బోడు మళ్లీ కక్కుకున్నాడు సార్, లైటేస్తే అరస్తా ఉండాడు" అన్నాక గానీ నా బుర్రకెక్కలేదు. అదృష్టం బాగుండి స్కాన్‌లో ఏమీ లేదు. కానీ వాడి తలనొప్పి పూర్తిగా పోవడానికి ఆరు వారాలు పట్టింది. ఆ ఏడాది పరీక్షల్లో మార్కులూ తగ్గాయి.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. అదే ఇక్కడ చెబుతున్నాను. ఇది డాక్టర్ చేసే పని కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్లకముందు, వెళ్లొచ్చాక తల్లిదండ్రులు, పీఈటీలు, కోచ్‌లు చేయాల్సిన పని.

ముందు బయటికి తీసుకురండి

తలకో, ముఖానికో, మెడకో గట్టి దెబ్బ తగిలి పిల్లాడు ఏ కాస్త తేడాగా కనిపించినా ఆ రోజుకు ఆట అయిపోయినట్టే. పది నిమిషాల్లో తలనొప్పి తగ్గిపోయినా సరే, ఫైనల్ అయినా సరే. 2022 అక్టోబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సులో వైద్య నిపుణులు మళ్లీ గట్టిగా చెప్పింది ఇదే: అనుమానం ఉన్న రోజు తిరిగి ఆడించకూడదు.

స్పృహ తప్పితేనే కంకషన్ అనుకుంటారు చాలామంది. నిజానికి పదిమందికి కంకషన్ అయితే తొమ్మిదిమంది దాకా స్పృహలోనే ఉంటారు. మీరు చూడాల్సింది వేరే. లేచాక కాళ్లు తడబడుతున్నాయా, చూపు ఎటో ఉందా, అడిగిందే అడుగుతున్నాడా, తన జట్టు వైపు వదిలి వేరే వైపు నడిచాడా, కళ్లు బైర్లు కమ్ముతున్నాయంటున్నాడా, ఊరికే ఏడుస్తున్నాడా, వెలుతురుకు కళ్లు చికిలిస్తున్నాడా. వీటిలో ఒక్కటున్నా చాలు. చిన్నపిల్లలైతే నోటితో చెప్పలేరు. అమ్మను పట్టుకుని వదలకపోవడం, మబ్బుగా పడుకుండిపోవడం, అన్నం వద్దనడం కూడా లెక్కలోకే వస్తాయి.

"బాగున్నావా?" అని మాత్రం అడగకండి. దానికి ఒకటే జవాబు వస్తుంది. ఇలా అడగండి: "ఇప్పుడు మనం ఏ గ్రౌండ్‌లో ఉన్నాం? ఇది మొదటి హాఫా, రెండోదా? చివరి పాయింట్ ఎవరికొచ్చింది? పోయిన మ్యాచ్ ఎవరితో ఆడాం? గెలిచామా?" ఒక్కదానికి తడబడినా బయటే కూర్చోబెట్టండి. అన్నీ సరిగ్గా చెప్పినంత మాత్రాన బాగున్నాడని కూడా కాదు. లక్షణాలు కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు బయటపడతాయి.

ఇది పిల్లలకు ఎక్కాలంటే నేను రవీంద్ర జడేజా సంగతి చెబుతాను. 2020 డిసెంబరు 4న కాన్‌బెర్రాలో ఆస్ట్రేలియాతో టీ20. చివరి ఓవర్లో స్టార్క్ బంతి హెల్మెట్‌కు తగిలింది. జడేజా ఆ ఓవర్ ఆడేశాడు కూడా. ఇన్నింగ్స్ అయ్యాక తల తిరుగుతోందన్నాడు. ఇక ఫీల్డింగ్‌కు రాలేదు. అతని బదులు దిగిన చాహల్ మూడు వికెట్లు తీశాడు. కంకషన్ అయినవాడి స్థానంలో ఇంకొకర్ని దించే ఆ నియమాన్ని ఐసీసీ తెచ్చింది 2019లోనే. జడేజాను కూర్చోబెట్టగా లేనిది, మన తొమ్మిదో తరగతి పిల్లాడిని కూర్చోబెడితే పరువేం పోదు.

వెంటనే 108కి ఫోన్ చేయాల్సినవి

తలనొప్పి నిమిష నిమిషానికీ పెరగడం. ఒకటికి మించి వాంతులు. ఫిట్స్. ఎంతసేపైనా సరే, స్పృహ తప్పడం. లేపినా సరిగ్గా లేవకపోవడం, మగతలోకి జారిపోవడం. ఒక వస్తువు రెండుగా కనిపించడం. చెయ్యో కాలో చచ్చుబడినట్టుండటం, తిమ్మిరి. మెడ నొప్పి. మాట తడబడటం. పిచ్చెక్కినట్టు పోట్లాటకు రావడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం. ముక్కులోంచో చెవిలోంచో రక్తం గానీ నీళ్లలాంటి ద్రవం గానీ కారడం.

వీటిలో ఏది కనిపించినా ఊళ్లో ఇంజెక్షన్ వేయించి చూద్దాం అనుకోవద్దు. సీటీ స్కాన్, తలకు ఆపరేషన్ చేసే డాక్టర్లు ఉన్న పెద్దాసుపత్రికి పోవాలి. నెల్లూరులోనో ఒంగోలులోనో ఉన్న ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి లాంటిది. ఉదయగిరి, సీతారామపురం వైపు నుంచైతే నెల్లూరు చేరడానికే రెండు గంటల పైమాట. అందుకే అక్కడివాళ్లు "ఇంకో అరగంట చూద్దాం" అనే మాటే ఎత్తకూడదు.

మెడ నొప్పి అంటున్నా, స్పృహలో లేకపోయినా ఎత్తి కూర్చోబెట్టకండి. హెల్మెట్ ఉంటే లాగకండి. ఊపిరి ఆడుతోందా చూస్తూ తల, మెడ కదలకుండా పట్టుకోండి. చేతిలో ఇనుప తాళాలు పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టడం, నోట్లో సోడా పోయడం మన దగ్గర ఇంకా ఉన్నాయి. తాళాల వల్ల ఒరిగేదేమీ లేదు. మగతలో ఉన్నవాడి నోట్లో నీళ్లు పోస్తే మాత్రం ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దిష్టి తీస్తామంటే తీయండి, ఆటో కదిలాక తీయండి.

ప్రమాద లక్షణాలు లేకపోయినా అదే రోజో మర్నాడో ఎంబీబీఎస్ చదివిన డాక్టర్‌కు చూపించాలి. స్కాన్ రాయలేదని డాక్టర్ మీద అలగొద్దు. కంకషన్ స్కాన్‌లో కనబడదు. స్కాన్ తీసేది లోపల రక్తస్రావం, ఎముక విరగడం లాంటివి ఉన్నాయేమో చూడటానికి. "స్కాన్ నార్మల్ సార్, రేపు ప్రాక్టీస్‌కి పంపుతాం" అని ఎంతమంది తండ్రులు అన్నారో లెక్కలేదు. సెల్‌ఫోన్ కింద పడితే పైన గీత పడకపోయినా లోపల హ్యాంగ్ అవుతూ ఉంటుంది చూడండి, అట్లాంటిదే ఇది. మెదడు అదిరినప్పుడు కణాల పనితీరు కొన్నాళ్లు గాడి తప్పుతుంది. అది సర్దుకోకముందే రెండో దెబ్బ తగిలితే కోలుకోవడానికి చాలా ఎక్కువ రోజులు పడుతుంది. అరుదుగా, అదీ ఎక్కువగా చిన్న వయసువాళ్లలోనే, మెదడు వాచి ప్రాణం మీదకు వస్తుంది. ఈ జాగ్రత్తలన్నీ ఆ రెండో దెబ్బ తగలకుండా చూడటానికే.

మొదటి రెండు రోజులు

పాత పద్ధతిలో చీకటి గదిలో వారం రోజులు పడుకోబెట్టేవాళ్లు. ఇప్పుడది వద్దంటున్నారు. 24 నుంచి 48 గంటలు కాస్త నెమ్మదిగా ఉంటే చాలు. ఇంట్లో తిరగొచ్చు, స్నానం చేయొచ్చు, వీధి చివర దాకా నడవొచ్చు. వద్దన్నవి ఇవి: పరుగులు, సైకిల్, మోటార్ సైకిల్, చెట్లెక్కడం, బావిలోనో కాలువలోనో ఈత. సెలవు కదా అని మైపాడు బీచ్‌కో కొత్తపట్నం బీచ్‌కో తీసుకెళ్లొద్దు.

అసలు గొడవంతా ఫోన్ దగ్గరే. ఈ రెండు రోజులు ఫోన్, టీవీ బాగా తగ్గించాలి. గేములు, రీల్స్ అసలొద్దు. పిల్లలు ఇంట్లో ఉంటే మన చేతిలో ఫోన్ చూసి ఊరుకోరు కాబట్టి మీరు కూడా లోపల పెట్టేయండి. కష్టమే, రెండు రోజులే.

నిద్ర పోనివ్వొచ్చా అని ప్రతి తల్లీ అడుగుతుంది. డాక్టర్ చూసి ఇంటికి పంపాక నిద్ర మంచిదే. గంటగంటకూ లేపి పేరడగక్కర్లేదు. మొదటి రాత్రి మాత్రం ఒంటరిగా పడుకోబెట్టకుండా పక్కన ఒకరుండి, ఊపిరి మామూలుగా ఉందా, కదిలిస్తే కదులుతున్నాడా ఒకటి రెండుసార్లు చూడండి.

మందుల విషయంలో మా దగ్గర పెద్ద చిక్కు ఉంది. ఆర్‌ఎంపీ దగ్గరికెళ్లి నొప్పి ఇంజెక్షన్ చేయించుకుని సాయంత్రానికి మళ్లీ గ్రౌండ్‌లో కనిపిస్తారు. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటివి మొదటి రెండు రోజులు వద్దు. రక్తస్రావం ఉంటే అవి ఎక్కువ చేయొచ్చు. మరీ నొప్పిగా ఉంటే పారాసిటమాల్, అదీ బరువును బట్టి డాక్టర్ చెప్పిన మోతాదులో. ఆ తర్వాతి రోజుల్లో కూడా మాత్ర వేసి నొప్పి తగ్గిందని ప్రాక్టీస్ చేయించకూడదు. మాత్ర లేకుండా తగ్గితేనే తగ్గినట్టు.

ఒక నోట్‌బుక్ కొనండి

ఇది నా సొంత పద్ధతి. దీనివల్లే నాకు పని సులువైంది. పది రూపాయల నోట్‌బుక్ తీసుకుని రోజూ పొద్దున, సాయంత్రం ఏడు విషయాలకు పదికి మార్కులు వేయించండి: తలనొప్పి, తల తిరగడం, వెలుతురు పడకపోవడం, శబ్దం పడకపోవడం, నిద్ర, చిరాకు, చదివింది గుర్తుండకపోవడం. సున్నా అంటే ఏమీ లేదు, పది అంటే భరించలేనంత. మన పిల్లలకు మార్కుల భాష బాగా తెలుసు. "నొప్పి ఉందా?" అంటే "లేదు" అనేవాడు "పదికి ఎన్ని వేస్తావు?" అంటే ఆలోచించి "రెండు సార్" అంటాడు. ఆ రెండే మనకు కావాలి.

చిరాకు మార్కులు మాత్రం పిల్లాణ్ని అడక్కండి, వాళ్ల చెల్లెల్నో తమ్ముణ్నో అడగండి.

నోట్‌బుక్ అమ్మ దగ్గర ఉండాలి. కోచ్ దగ్గర ఉంటే సెలక్షన్ల ముందు మార్కులు వాటంతటవే సున్నాలైపోతాయి. నేనే కోచ్‌ని, చెబుతున్నాను.

బడి ముందు, ఆట తర్వాత

రెండు రోజులయ్యాక బడి గురించి ఆలోచించాలి. ముందు ఇంట్లో 15, 20 నిమిషాలు చదివించి చూడండి. తలనొప్పి పెరగకపోతే కాసేపు ఆపి మళ్లీ ఇంకోసారి. అది కుదిరాక బడికి సగం పూట, తర్వాత పూర్తిగా. వెళ్లే దారి కూడా లెక్కే. పదిమందిని కుక్కిన ఆటోలో గుంతల రోడ్డు మీద పాటలు పెట్టుకుని పది కిలోమీటర్లు పోతే బడి గేటు దగ్గరే తలనొప్పి మొదలవుతుంది. వారం పాటు ఎవరైనా నిదానంగా బండి మీద దించితే మేలు.

హెచ్‌ఎం గారికి, క్లాస్ టీచర్‌కు ఒక కాగితం రాసివ్వండి. కొన్నాళ్లు కిటికీ వెలుతురు పడని చోట కూర్చోబెట్టమని, నోట్స్ పక్కవాళ్ల దగ్గర తీసుకోనివ్వమని, స్లిప్ టెస్టులు ఒక వారం వాయిదా వేయమని, తల పట్టుకుంటే స్టాఫ్ రూంలో కాసేపు కూర్చోనివ్వమని. పైకి దెబ్బేమీ కనబడదు కాబట్టి టీచర్లు నాటకమనుకుంటారు. చేతికి కట్టుంటే జాలిపడే సారే, దీనికి "ఏరా, బద్ధకమా?" అంటారు. హాస్టల్లో ఉండి చదివే పిల్లల సంగతి మరీ కష్టం. తెల్లవారుజామున లేపి రాత్రి పది దాకా స్టడీ అవర్లు పెట్టే చోట కోలుకోవడం కుదరదు. పది రోజులు ఇంటికి తెచ్చుకోండి. పదో తరగతైనా సరే. తలనొప్పితో కూర్చున్న స్టడీ అవర్లో ఎక్కేది ఏమీ ఉండదు.

పూర్తి పూట బడి, హోంవర్క్, పరీక్ష అన్నీ మామూలుగా చేయగలిగే దాకా మ్యాచ్ మాట ఎత్తొద్దు. నడక, మెల్లటి పరుగు మాత్రం ఈలోపే మొదలుపెట్టొచ్చు, పెట్టాలి కూడా.

ఆటలోకి ఆరు మెట్లు

ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు. అంటే ఒక్క రోజులో రెండు మెట్లు ఎక్కకూడదు. పిల్లలకు ఒక్కో మెట్టు మీద రెండు మూడు రోజులు పట్టినా కంగారేమీ లేదు.

మొదటి మెట్టు మామూలు ఇంటి పనులు, నడక. పాల ప్యాకెట్ తేవడం, గుడికి వెళ్లిరావడం. మొదటి రెండు రోజుల్లోనే ఇది మొదలైపోతుంది.

రెండో మెట్టు గుండె వేగం పెంచే వ్యాయామం. ఇక్కడ నాడి లెక్క నేర్పండి. మణికట్టు దగ్గర రెండు వేళ్లు పెట్టి 15 సెకన్లు లెక్కపెడితే చాలు. 220లోంచి వయసు తీసేస్తే గుండె గరిష్ఠ వేగం ఉజ్జాయింపుగా వస్తుంది. 15 ఏళ్లవాడికి 205. మొదట దానిలో 55 శాతం దాకా, అంటే 15 సెకన్లకు 28 కొట్టుకునేంత చురుకైన నడక, 10, 15 నిమిషాలు. అది సాఫీగా సాగితే తర్వాతి రోజుల్లో 70 శాతం దాకా, అంటే 15 సెకన్లకు 36 దాకా మెల్లటి పరుగు, 20 నిమిషాలు. పన్నెండు నుంచి పదిహేడేళ్ల దాకా ఎవరికైనా దాదాపు ఇవే అంకెలు.

పరుగెత్తే ముందు, అయిపోయాక నోట్‌బుక్‌లో మార్కులు వేయించండి. తలనొప్పి రెండు మార్కులకు మించి పెరగకుండా, గంటలోపు మళ్లీ పాత అంకెకు దిగితే భయపడక్కర్లేదు. మించితే ఆ రోజుకు ఆపి మర్నాడు మళ్లీ అదే మెట్టు. పూర్తిగా సున్నా అయ్యే దాకా మంచం దిగనివ్వకుండా కూర్చోబెట్టడం కన్నా ఇలా కొంచెం కొంచెం కదిలించడమే త్వరగా కోలుకోవడానికి పనికొస్తుందని ఇప్పుడు తేలింది.

మన ఎండల గురించి ఒక మాట. ఏప్రిల్, మే నెలల్లో నెల్లూరు, ఒంగోలు గ్రౌండ్లలో పది గంటలకు పరుగెత్తితే తలకు దెబ్బ తగలనివాడికి కూడా తలనొప్పి వస్తుంది. అప్పుడది కంకషనో ఎండో తేల్చలేం. కాబట్టి ఈ మెట్టు పొద్దున ఆరింటికే, అదీ కాసిని మజ్జిగో నీళ్లో తాగించాక. సమ్మర్ క్యాంపుల్లో ఈ ఒక్క కారణంతోనే పిల్లలు వెనకబడతారు.

మూడో మెట్టు ఆటకు సంబంధించిన సాధన, కానీ ఒంటరిగా, తలకు ఏదీ తగిలే వీల్లేకుండా. కబడ్డీ పిల్లలు ఖాళీ కోర్టులో కూతకెళ్లి బోనస్ గీత తాకి రావడం, పక్కకు జరగడం, ఒక్కసారిగా వెనక్కి తిరగడం. తల తిరిగే సమస్య మిగిలుంటే ఆ తిరగడంలోనే బయటపడుతుంది, జాగ్రత్తగా చూడండి. క్రికెట్ వాళ్లు బ్యాట్స్‌మన్ లేకుండా ఒక్క స్టంప్‌కు బౌలింగ్, బంతి లేకుండా బ్యాటింగ్. వాలీబాల్ వాళ్లు ఎవరూ లేని కోర్టులో సర్వీస్. ఫుట్‌బాల్ వాళ్లు బంతితో పరుగు, హెడ్డింగ్ లేకుండా.

ఇక్కడ ఆగండి. మూడో మెట్టుకు నాలుగో మెట్టుకు మధ్య డాక్టర్ ఉంటాడు. లక్షణాలు ఏమీ మిగలకుండా పోయి, డాక్టర్ చూసి సరే అన్నాకే ముందుకు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మన దగ్గర ఎంత తేలిగ్గా దొరుకుతుందో అందరికీ తెలుసు. తెలిసినవాళ్ల చేత సంతకం పెట్టించుకొస్తే మోసపోయేది మనమే. నోట్‌బుక్ తీసుకెళ్లి డాక్టర్ ముందు పెట్టండి. ఏ రోజు తగిలింది, ఎన్ని రోజుల నుంచి సున్నాలున్నాయి, పరుగెత్తితే ఏమైంది, ఇంతకుముందు ఎప్పుడైనా తలకు తగిలిందా, ఇవి చెప్పండి. "ఢీకొట్టే ఆట ఆడొచ్చా?" అని సూటిగా అడిగి రాయించుకోండి. "ఆడొచ్చా?" అని మాత్రమే అడిగితే ఆయన క్యారమ్స్ అనుకోవచ్చు.

నాలుగో మెట్టు జట్టుతో కలిసి సాధన, ఒకర్నొకరు తగలకుండా. కబడ్డీలో చేతులు పట్టుకుని గొలుసు కట్టి కదలడం ఉంటుంది, రైడర్‌ను పట్టుకోవడం ఉండదు. క్రికెట్‌లో క్యాచ్‌లు, హెల్మెట్ పెట్టుకుని చేత్తో మెల్లగా వేసిన బంతులు. వేగం ఎంతైనా పెంచొచ్చు.

ఐదో మెట్టు పూర్తి ప్రాక్టీస్. కబడ్డీలో పట్టులు, డాష్‌లు (రైడర్‌ను ఒంటితో గుద్ది గీత బయటికి నెట్టడం), క్రికెట్‌లో నెట్స్‌లో అసలు బంతి. ఇక్కడ నేను శరీరం కన్నా మనసు ఎక్కువ చూస్తాను. దెబ్బ తిన్న రైడర్ లోపలికి వెళ్లడానికి జంకుతాడు, సగంలో ఆగుతాడు. ఆ సగంలో ఆగడమే మళ్లీ దెబ్బకు దారి. అలాంటివాడికి ఇంకో వారం ఇదే మెట్టు, తోటివాళ్లలో నెమ్మదస్తులతో మొదలుపెట్టి.

నాలుగు, ఐదు మెట్ల మీద ఏ లక్షణం తిరిగొచ్చినా మూడో మెట్టుకు దించి, మళ్లీ డాక్టర్‌కు చూపించాకే పైకి. ఆరో మెట్టు మ్యాచ్.

మొత్తం ఎన్నాళ్లు? లెక్క ప్రకారం వారం చాలినట్టు కనిపిస్తుంది గానీ పిల్లలు చాలామందికి నెల దాకా పడుతుంది. బ్రిటన్‌లో 2023లో ఊరి స్థాయి ఆటలకు పెట్టిన నియమాల ప్రకారం లక్షణాలు లేకుండా 14 రోజులు గడిచాకే ఢీకొట్టే ప్రాక్టీస్, ఎంత త్వరగా తగ్గినా 21 రోజులలోపు పోటీల్లో ఆడకూడదు. పక్కన స్పోర్ట్స్ డాక్టర్ ఉండని మనలాంటివాళ్లకు అదే మంచిదని నేనూ ఆ 21 రోజులే పెట్టుకున్నాను. బేరం ఉండదు. నాలుగు వారాలు దాటినా తలనొప్పో తిరుగుడో తగ్గకపోతే పీఈటీలు, ఆర్‌ఎంపీలు చేసేదేమీ లేదు, న్యూరాలజిస్టుకు చూపించండి.

సెలక్షన్లు, సంక్రాంతి, ఆడపిల్లలు

మెట్లు చెప్పడం తేలిక. స్కూల్ గేమ్స్ జిల్లా సెలక్షన్లు పన్నెండో రోజున పడితే ఏం చేస్తారు? సంక్రాంతి టోర్నమెంట్లో ఊరి పెద్దలు వచ్చి "ఒక్క మ్యాచ్ మాస్టారూ, పిల్లోడు బాగానే ఉండాడు కదా" అంటే? నేను ఇప్పుడు చేసేది ఒకటే. సీజన్ మొదట్లోనే తల్లిదండ్రుల్ని పిలిచి, తలకు తగిలితే 21 రోజులు మ్యాచ్ లేదని చెప్పి సంతకం తీసుకుంటాను. ఎవరికి తగులుతుందో ఇంకా తెలియదు కాబట్టి అందరూ సంతకం పెడతారు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం 2009లో దీన్ని చట్టమే చేసింది. అనుమానం ఉన్న పిల్లల్ని ఆటలోంచి తీసేయాలి, వైద్యులు రాసిచ్చేదాకా తిరిగి దించకూడదు. తర్వాత అక్కడి రాష్ట్రాలన్నీ అలాంటి చట్టాలు తెచ్చుకున్నాయి. మనకు చట్టం లేకపోయినా ఒక తెల్ల కాగితం ఉంది.

పిల్లాడికి కూడా చెప్పాలి. సర్టిఫికెట్ పోతుంది, స్పోర్ట్స్ కోటా పోతుంది అన్నది వాడి భయం. అది ఉత్త భయం అనకండి, నిజంగానే ఒక ఏడాది పోవచ్చు. ఆ మూడు వారాలూ స్కోరర్‌గా కూర్చోబెట్టండి, జట్టుతో బస్సులో తీసుకెళ్లండి. జట్టులోంచి తీసేశారనిపిస్తే మరోసారి దెబ్బ తగిలినప్పుడు వాడు అసలు చెప్పడు.

ఆడపిల్లల దగ్గర వ్యవహారం తలకిందులుగా ఉంటుంది. అబ్బాయిని తొందరగా పంపుతామనే తండ్రే అమ్మాయికి తగిలితే "ఇక చాల్లే సార్, రేపు పెళ్లి చేయాల" అని ఆటే మాన్పిస్తాడు. ఒకమ్మాయి, మంచి డిఫెండర్, అలాగే ఆగిపోబోయింది. నేను వాళ్ల నాన్న దగ్గరికి నోట్‌బుక్ తీసుకెళ్లి, వరసగా సున్నాలున్న పేజీలు చూపించి, "రేపు మీరూ రండి, ఖాళీ కోర్టులో ఎట్లా కదులుతుందో చూడండి" అన్నాను. వచ్చాడు. గోడ మీద కూర్చుని మూడు రోజులు చూశాడు. నాలుగో రోజు రాలేదు, అమ్మాయిని మాత్రం పంపాడు.

మ్యాచ్ రోజు, ఆ తర్వాత

మొదటి మ్యాచ్ చిన్నదైతే మంచిది, పక్క ఊరి జట్టుతో స్నేహపూర్వకంగా. మొత్తం సమయం ఆడించకుండా ఒక హాఫ్‌తో సరిపెట్టండి. ముందే ఒక పెద్దవాడిని ఆ ఒక్క పిల్లాడినే చూడమని పెట్టండి, ఎందుకంటే కోచ్ కళ్లు స్కోర్ మీదుంటాయి. క్రికెట్ పిల్లలైతే ఆ రోజు దెబ్బ తిన్న హెల్మెట్ మళ్లీ వాడొద్దు, మార్చండి. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది గానీ లోపల మెదడు అదరకుండా ఆపలేదు. హెల్మెట్ ఉంది కదా అని 21 రోజుల్లో ఒక్క రోజు కూడా తగ్గించకండి.

ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున నోట్‌బుక్ మళ్లీ తీయండి. సున్నాలుంటే ఇంకో వారం రాసి ఆపేయొచ్చు. పుస్తకం పారేయకండి, మొదటి పేజీ మీద తేదీ వేసి బీరువాలో పెట్టండి. మళ్లీ ఎప్పుడైనా తగిలితే డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న "ఇంతకుముందు ఎప్పుడు తగిలింది, తగ్గడానికి ఎన్నాళ్లు పట్టింది?" అనే. ఒకే ఏడాదిలో రెండోసారి తగిలితే ఈ ఆరు మెట్ల లెక్క మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు, ఎన్ని రోజులాగాలో డాక్టరే చెప్పాలి. నా దగ్గర అలాంటి పుస్తకాలు ఇప్పటికి పదకొండు ఉన్నాయి. స్కోరెంత అని మూడుసార్లు అడిగినవాడిది లేదు. అప్పటికి నాకు పుస్తకం పెట్టాలని తెలియదు.